బాంటం కోడికి అర్థం రాసినవాడు

మొదటి పరిచయంలో కళ్ళూ కళ్ళూ కలవడం అందరి ప్రేమకథల్లోనూ జరుగుతుంది. ఈ కథలో కళ్ళద్దాలు పగిలాయి.

పగలగొట్టింది ఒక కోడిపుంజు. మహా ఉంటే జానెడున్నర ఎత్తు. పేరు మేజరు. డాబా మీద గిన్నెలో నీళ్ళు తాగుతున్నది కాస్తా తలెత్తి, మెట్ల గుమ్మంలోంచి వంగి బయటికొస్తున్న ఆరడుగుల మనిషిని చూసింది. ఇంత పొడుగు మనిషి తన అనుమతి లేకుండా పైకి రావడం దానికి నచ్చలేదు. ఎగిరి అతని చొక్కా జేబు మీద ఒక కాలు మోపి, అక్కణ్ణుంచి ముక్కు మీదికి వెళ్ళింది. కళ్ళద్దాలు కింద పడ్డాయి. అతను కంగారుగా ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ అడుగు సరిగ్గా వాటి మీదే పడింది. న్యాయంగా చూస్తే పగలగొట్టింది అతనే. ఆ ముక్క అతను ఇప్పటికీ ఒప్పుకోడు.

"కాస్త కింద చూసుకోవాలి కదండీ," అంది ఒక గొంతు. మనిషి కనపడలేదు. ఆకుపచ్చటి మసక ఒకటి బకెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"చూశానండీ. అది కింద లేదు."

మసక నవ్వింది. ఏం కావాలని అడిగింది. బాంటం కోడిని చూడాలని వచ్చానని చెప్పాడతను. చూశారుగా అంది. చూసేలోపే చూపు పోయిందన్నాడు.

ఆమె పగిలిన ముక్కలు ఏరి కొంగులో వేసుకుంది. "కింద కళ్ళద్దాల షాపు నాదే. ఒక గంట కూర్చోండి, కొత్తవి బిగించి ఇస్తాను. మేజరు అప్పుడప్పుడూ ఇలా బేరాలు తెస్తుంటాడు."

అతని ఉద్యోగం ఏమిటో చెబితే వినేవాళ్ళు రెండోసారి అడుగుతారు. పరాయి దేశాల నుంచి వచ్చి మన నోళ్ళలో స్థిరపడిపోయిన మాటలకు నిఘంటువు తయారుచేసే ఆఫీసులో అతను సహాయ సంపాదకుడు. రోజంతా జిగురు వాసన కొట్టే గదిలో కూర్చుని, ఏ మాట ఏ ఊళ్ళో పుట్టి ఎలా ఇక్కడికొచ్చిందో రాస్తుంటాడు. కోడిగుడ్డుకి ఈకలు పీకే పని అని వాళ్ళక్క అంటుంది. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఆ ఆఫీసులో పెద్ద ఎడిటరు గారు పెట్టిన రూలు ఒకటుంది. కంటితో చూడనిదానికి అర్థం రాయకూడదు. రాసినదాన్ని, ఆ వస్తువుతో కాపురం చేసేవాళ్ళకి చదివి వినిపించాలి. వాళ్ళ నోటి నుంచి 'సరే' అన్న మాట రావాలి. అది లేకుండా ఏ మాటా అచ్చుకి పోదు. పూర్వం ఎవరో మహానుభావుడు పియానోని ఊది వాయించే వాద్యం అని రాశాడట. పియానో వాయించేవాళ్ళు కొందరు కలిసి ఆఫీసుకొచ్చి, ఏమీ అనకుండా నవ్వి వెళ్ళారట. తిట్టి ఉంటే పెద్ద ఎడిటరు గారు భరించేది. ఆ నవ్వు మాత్రం ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

బాంటం కోళ్ళతో కాపురం చేసేది ఆ అమ్మాయి నాన్న. రేవులో క్రేను నడిపి రిటైరైన మనిషి కాబట్టి వీధిలో అందరికీ ఆయన క్రేనాయన. మనిషి బాగా పొట్టి. అయితే ఉద్యోగమంతా మేఘాల పక్కన కూర్చుని చేశాడు కనక, తను పొట్టి అని ఆయనకి చెప్పే అవకాశం ఎవరికీ రాలేదు. ఊళ్ళోని బాంటం కోళ్ళ పెంపకందారుల సంఘానికి అధ్యక్షుడు. కోళ్ళగూడు మీద ఎర్ర రంగుతో 'రాజకోట సంతతి' అని బోర్డు రాయించి పెట్టాడు.

అతను మొదటి ఆదివారం వచ్చి, రాసుకొచ్చింది చదివాడు. "బాంటం. చిన్న కోడి."

క్రేనాయన ముఖం మాడిపోయింది. "చిన్నదని ఎవరన్నారు?"

"చూస్తే తెలుస్తోంది కదా సార్."

"దేని పక్కన పెట్టి చూశావు? నా క్రేను మీద నుంచి చూస్తే ఓడలో లారీ కూడా అగ్గిపెట్టే. నువ్వు మరీ పైనుంచి చూస్తున్నావు బాబూ. కూర్చుని చూడు."

అతను కూర్చున్నాడు. మేజరు దగ్గరికి వచ్చి అతని కళ్ళలోకి సూటిగా చూసింది. కూర్చుని చూస్తే నిజంగానే అంత చిన్నదిగా అనిపించలేదు. ఆ వారం 'సరే' దొరకలేదు.

తర్వాతి ఆదివారం 'పొట్టి' అని రాసుకొచ్చి, క్రేనాయన ఎదురుగా నిలబడగానే ఆ మాట గొంతులోనే మింగేశాడు. ఆ తర్వాత 'ముద్దులొలికే' అని రాస్తే క్రేనాయన మురిసిపోయాడు కానీ పెద్ద ఎడిటరు గారు ఎర్ర సిరాతో కొట్టేసింది. ఇలా ఆదివారాలు గడుస్తుంటే, ఒక్క కోడి దగ్గర మొత్తం సంపుటం ఆగిపోయిందని ఆఫీసులో గొణుగుడు మొదలైంది.

నిజానికి అతనికి తొందరేమీ లేదు. కొత్త కళ్ళద్దాలు ఒక వారం వదులయ్యేవి, ఒక వారం బిగుతయ్యేవి. ప్రతిసారీ కింద షాపులో ఆగాల్సి వచ్చేది. ఆమె వేళ్ళు చెవి వెనక చల్లగా తగులుతుంటే అతను గోడ మీది అక్షరాల పట్టికని మహా శ్రద్ధగా చదివేవాడు.

"మీ చెవులు రెండూ ఒక ఎత్తులో లేవు," అందామె ఒకసారి. "ఎడమది కొంచెం కిందికి ఉంది. అందుకే ఫ్రేము జారుతోంది."

పుట్టిన దగ్గర్నుంచి కన్నతల్లి కూడా చూడని సంగతి ఒక ఆడపిల్ల చూసిందని అతను వారమంతా గాల్లో తేలాడు. అది ఆమె వృత్తి అన్న సంగతి గుర్తు చేసుకోవడానికి ఇష్టపడలేదు.

ఒక ఆదివారం వాన కూడా ఈ కుట్రలో కలిసింది. క్రేనాయన సంఘం మీటింగుకి వెళ్ళాడు. డాబా మీద కోళ్ళు చెల్లాచెదురుగా ఉన్నాయి. ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి, ఆమె కింద నుంచి పరిగెత్తుకుంటూ వచ్చింది, ఇద్దరూ కలిసి కోళ్ళని బుట్టల్లో వేసుకుని మేత పెట్టే గదిలోకి దూరారు. ఆ గది క్రేనాయన తన ఎత్తుకి కట్టించుకున్నది. అతనికి ముందు గుమ్మం తగిలింది, తర్వాత కప్పు తగిలింది. నిటారుగా నిలబడే దారి లేక వంగితే, ముఖం సరిగ్గా ఆమె ముఖానికి ఎదురుగా వచ్చింది. ఆమె జుట్టు మీద చినుకులు, ఒక చిన్న కోడి ఈక ఉన్నాయి. ఈక తీయాలని అతని చేయి సగం దాకా లేచింది.

చాలా రోజులుగా ఒక వాక్యం అతని దగ్గర సిద్ధంగా ఉంది. నోరు తెరిచాడు. మేజరు కూసింది.

"వాన గట్టిగా పడుతోంది," అన్నాడు చివరికి.

"అవును. వాన అంటే ఇదే. రాసుకోండి," అందామె. నవ్వు ఆపుకోవడానికి కోడి వైపు తిరిగింది.

అంతా సజావుగా నడుస్తున్న సమయంలో అతను ఆ మాట పుట్టుక వెతికాడు. పాత పుస్తకాలన్నీ తిరగేసి తేలింది ఏమిటంటే, బాంటం అన్నది తూర్పు దీవుల్లో ఒక పాత రేవు పట్నం పేరు. దూరం పోయే ఓడలవాళ్ళు దారిలో తిండికని అక్కడ కోళ్ళు కొనుక్కునేవారు. చిన్నవి, తక్కువ చోట్లో పడతాయి. దిగిన చోట ఇవెక్కడివని అడిగితే, ఎక్కించుకున్న రేవు పేరు చెప్పారు. ఆ పేరే నిలిచిపోయింది. అవి అక్కడే పుట్టిన జాతి అని మాత్రం గట్టిగా చెప్పేవాళ్ళు లేరు. ఇంకెక్కడి నుంచో ఆ రేవుకి చేరి ఉంటాయనే ఎక్కువమంది అనుకుంటారు. ఆ తర్వాత ప్రపంచంలో చిన్న కోడి ఏది కనపడ్డా అందరూ అదే పేరు పెట్టేశారు. ఆ కోళ్ళ కథలో రాజు ఊసు, కోట ఊసు ఎక్కడా లేదు.

ఆ సాయంత్రం కళ్ళు పరీక్ష చేయించుకుంటూ, ఈ సంగతి ఆమెకి చెప్పాలా వద్దా అని తటపటాయించాడు. ఆమె అద్దాలు మారుస్తూ, ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడుగుతోంది. ఆమె గొంతులో ఏది ఇష్టంగా వినిపిస్తే అతను అది బాగుందన్నాడు.

"నాకు నచ్చే జవాబు చెప్పకండి. మీకు కనిపించేది చెప్పండి," అందామె. కొంతమంది పట్టికని బట్టీ పట్టుకుని వస్తారట. కనపడకపోయినా గడగడా చదివేస్తారట. వాళ్ళ మాట నమ్మి అద్దాలిస్తే, మర్నాడే స్తంభాన్ని గుద్దుకుని బొప్పితో తిరిగొస్తారట.

అప్పుడు అతను కోడి సంగతి చెప్పేశాడు. ఆమె చేతిలోని అద్దం అలాగే ఉండిపోయింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో రేవు దగ్గర ఎవరో ఒక జత కోళ్ళు అమ్ముతూ, ఇవి బాంటం రేవు రాజుగారి కోటలోవి అని నాన్నకి చెప్పారట. నాన్న నమ్మాడు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ కథ చెప్పాకే కుర్చీ వేస్తాడు.

"ఆయనకి ఎలా చెప్తారు?" అని అడిగింది.

"ఉన్నదున్నట్టు."

ఆమె అతన్ని కాసేపు చూసింది. షాపులో వేరే బేరాలు ఉన్నాయి, అయినా చూసింది. "అయితే ఆదివారం నేను కూడా వింటాను," అంది.

ఆదివారం అతను డాబా మీదికి ఎక్కేసరికి అంతా సిద్ధంగా ఉంది. క్రేనాయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. సంఘం సభ్యులందరినీ పిలిచి కుర్చీలు వేయించాడు. నిఘంటువులో మన కోడి గురించి చదువుతారు, మన కోట గురించి కూడా వస్తుంది అని ముందే చెప్పేశాడు. అతను చదవడం మొదలుపెట్టాడు. రంగు, తోక, కాళ్ళ ఈకలు అన్నీ అయ్యాయి. పుట్టుక దగ్గరికొచ్చి తలెత్తితే, చిన్నపిల్లాడిలా ముందుకి వంగి వింటున్న క్రేనాయన ముఖం కనిపించింది. కాగితం మీద ఉన్నది ఒకటి, నోటి నుంచి వచ్చింది ఇంకొకటి.

"ఆ రేవు పట్నపు రాజకోటలో పుట్టి లోకమంతా వ్యాపించిన మేలుజాతి."

క్రేనాయన 'సరే' అన్నాడు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ సరే అన్నాడు. సభ్యులు చప్పట్లు కొట్టారు. ఆ ఊపులో, ఇలాంటి కుర్రాడు అడగాలే కానీ మా అమ్మాయిని కళ్ళు మూసుకుని ఇచ్చేస్తానన్నాడు. అతను ఆనందంతో ఆమె వైపు తిరిగాడు. ఆమె కుర్చీ ఖాళీగా ఉంది.

షాపులోకి వెళ్ళేసరికి ఆమె అద్దాలు తుడుస్తోంది. తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తోంది.

"బట్టీ పట్టి వచ్చారు," అంది తలెత్తకుండా.

"మీ నాన్నగారి ముఖం చూసి చెప్పలేకపోయానండీ."

"నాన్న ముఖం చూసి కాదు. మీకు కావలసింది చూసుకుని. రేపు నేను తప్పు చేసినా బాగుందనే అంటారు. మీ మాట నమ్ముకుని నేనెన్ని స్తంభాలు గుద్దుకోవాలి?"

కళ్ళద్దాలు సరిగ్గా కూర్చున్నాయి, ఇక రానక్కర్లేదు అంది ఆమె. అతను వచ్చిన దారినే వెళ్ళాడు. పిల్లనిస్తానన్న మామగారు దొరికాడు, పిల్ల చేజారిపోయింది. ఇలాంటి లాభం ఆ ఊళ్ళో ఇంతకుముందు ఎవరికీ వచ్చి ఉండదు.

మర్నాడు పెద్ద ఎడిటరు గారు కాగితం చదివి, 'సరే' అన్నారా అని అడిగింది. అన్నారని చెప్పాడు, ఆ 'సరే' కాగితం మీదున్న మాటకి కాదని మాత్రం చెప్పలేదు. మరి ముఖం ఎందుకలా ఉందని అడిగింది. అతను ఆ కాగితం చింపేసి, సెలవు కూడా అడక్కుండా బయటికి నడిచాడు. ఆమెని ఎలాగూ పోగొట్టుకున్నాడు. ఆమె తన గురించి అనుకున్న మాటని మాత్రం అలా వదిలేయలేకపోయాడు.

క్రేనాయన డాబా మీద ఒక్కడే ఉన్నాడు. బోర్డుకి కొత్తగా రంగు వేస్తున్నాడు. అతను నిలబడే ఉండి మొత్తం చెప్పాడు. రేవు సంగతి, ఓడల సంగతి, కోళ్ళకి కోటతో సంబంధం లేదన్న సంగతి, నిన్న తను అబద్ధం చదివిన సంగతి. అందులో ఏదీ మెత్తగా చెప్పే ప్రయత్నం చేయలేదు. క్రేనాయన చేతిలో కుంచె నుంచి రంగు బొట్లు బొట్లుగా కారుతోంది.

"అయితే నా 'సరే' వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడాయన.

"తీసుకోండి సార్. మీ అమ్మాయి గురించి అన్న మాట కూడా తీసుకోవచ్చు."

"అదీ తీసుకున్నాను."

మేజరు మెట్ల దాకా వెంటబడి అతన్ని సాగనంపింది.

'సరే' లేని మాట అచ్చుకి పోదు. పెద్ద ఎడిటరు గారు అతని మీద కేకలేయలేదు. బాంకు ఉంటుంది, బాంబు ఉంటుంది, మధ్యలో ఒక కోడి లేకపోతే కొంపలేమీ మునగవని, ఆ మాట తీసేయించింది. మర్యాద కోసం క్రేనాయన ఇంటికి ఫోను చేసి, మీ కోడి ఈ సంపుటంలో ఉండదని చెప్పింది. అతను తన బల్ల దగ్గర కూర్చుని అదంతా విన్నాడు. మునిగిన కొంప ఒకటి తన కళ్ళ ముందే ఉన్నట్టు అనిపించింది.

రెండ్రోజుల తర్వాత, మధ్యాహ్నం వేళ, ఆఫీసు మెట్ల మీద ఎవరో పెద్దగా అడుగులేస్తూ వస్తున్న చప్పుడైంది. క్రేనాయన బుట్ట పట్టుకుని లోపలికొచ్చాడు. వెనకాల ఆమె ఉంది. ఆకుపచ్చ చీరే కట్టుకుంది, ఈసారి మసక లేదు. బుట్ట మూత తీయగానే మేజరు బయటికి దూకి, పాత సంపుటాల దొంతర ఎక్కి, గదంతా ఒకసారి కలియజూసింది.

"ఇది లేని నిఘంటువేం నిఘంటువు?" అన్నాడు క్రేనాయన.

మీరే కదా సరే అనలేదని పెద్ద ఎడిటరు గారు గుర్తు చేసింది. ఆయన కుర్చీలో కూర్చున్నాడు. కాళ్ళు నేలకి ఆనలేదు.

"రెండు రోజులు దానితో మాట్లాడలేదండీ. కోపం వచ్చింది. దానికేం తేడా పడలేదు. పొద్దున్నే నీళ్ళ ట్యాంకు ఎక్కి, ఎప్పట్లాగే ఊరంతా తనదే అన్నట్టు కూసింది. కోట సంగతి దానికెప్పుడూ అక్కర్లేదు. నాకే కావలసి వచ్చింది." ఆయన బుట్ట మూత కూతురి చేతికిచ్చాడు. "ఎక్కడ పుట్టిందో తెలీదనే రాసుకోండి. ఓడెక్కిన ఊరి పేరే నిలిచిందని రాసుకోండి. కానీ 'చిన్న' అన్న మాట మాత్రం తీసేయాలి."

పెద్ద ఎడిటరు గారు అతని వైపు చూసింది. అతను కాగితం తీసుకుని, ఇన్ని ఆదివారాలు రానిది ఒక్క నిమిషంలో రాసి చదివాడు. "బాంటం. మిగతా కోళ్ళకంటే ఎత్తు తక్కువైన కోడి. ఆ సంగతి దానికి తెలియదు."

క్రేనాయన రెండుసార్లు తనలో తను చదువుకున్నాడు. "సరే," అన్నాడు.

రెండో వాక్యం శాస్త్రీయంగా లేదని పెద్ద ఎడిటరు గారు అభ్యంతరం చెప్పబోయింది. మేజరు దొంతర మీద నుంచి ఆవిడ ముక్కు వైపు అదోలా చూసింది. ఆవిడ కళ్ళద్దాలు తీసి సొరుగులో పెట్టుకుని, ఉండనివ్వమంది.

అందరూ లేవబోతున్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఆదివారాలు ఉండవని అతనికి తెలుసు. లేచి నిలబడ్డాడు. చేతిలో కాగితం లేదు.

"ఇంకొకటుందండీ. కాపురం చేసేవాళ్ళకి వినిపించి, సరే అనిపించుకోవాలి," అన్నాడు ఆమెనే చూస్తూ. "ఒక మనిషి. పొడుగు. చెవులు రెండూ ఒక ఎత్తులో లేవు. ఒకసారి ఎదుటివాళ్ళ ముఖం చూసి అబద్ధం చెప్పాడు. మళ్ళీ చెప్పడని హామీ లేదు కానీ, చెబితే వారం రోజులు అన్నం సయించదు. పుట్టింది ఎక్కడో. ఎవరైనా ఎక్కడివాడివని అడిగితే మాత్రం మీ డాబా పేరు చెప్పాలని ఉంది. మీరంటే చాలా ఇష్టం. వాన రోజున చెప్పాల్సింది ఇదే."

ఆమె తల వంచుకుని బుట్ట మూత తిప్పింది.

"చెవుల ముక్క తీసేయ్," అంది. "అది నాకొక్కదానికి తెలిస్తే చాలు."

ఆమె నోటి నుంచి మొదటిసారి వచ్చిన ఆ ఏకవచనం అతనికి అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. "మిగతాది?"

"సరే."

క్రేనాయన దగ్గాడు. కళ్ళు మూసుకుని ఇస్తానన్నది పొరపాటేనని, కళ్ళు తెరుచుకునే ఇస్తున్నానని చెప్పాడు. "కానీ 'పొడుగు' అన్న మాట కూడా తీసేస్తే బాగుంటుంది బాబూ."

"అది కుదరదు సార్."

"సార్ ఏమిటి?"

"కుదరదు మామయ్యగారూ."

ఆయన ఆ నిజాన్ని కూడా మింగేశాడు, అయితే ఒక షరతు పెట్టాడు. అందుకే పెళ్ళి ఫోటోలో అందరూ నిలబడి ఉంటే పెళ్ళికొడుకు ఒక్కడే కూర్చుని ఉంటాడు. పక్కన క్రేనాయన ఛాతీ విరుచుకుని నిలబడి ఉంటాడు. మేజరు సరిగ్గా అప్పుడే పెళ్ళికొడుకు భుజం మీంచి ఎగురుతోంది కాబట్టి ఫోటోలో ఒక రెక్క మాత్రమే పడింది. పెళ్ళికొడుకు ముఖాన కళ్ళద్దాలు లేవు. ఆ క్షణంలో అతనికి ఎవరి ఆనవాలూ తెలిసి ఉండదు, అందరూ రంగురంగుల మసకలే. అయినా అతను కెమెరా వైపు కాకుండా, వాటిలో ఆకుపచ్చగా ఉన్నదాని వైపే చూసి నవ్వుతున్నాడు.